కేక వేసి వదలాలి

గుంటూరు,
8 జూన్ 2025, ఆదివారం.

మామయ్యా,

కవరు చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ హాస్టల్లో అందరి ఫోన్లూ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం పది నిమిషాలు ఇస్తారు. ఆ పది నిమిషాలూ నాన్నకే సరిపోతాయి. తిన్నావా, నిద్రపోయావా, నర్సింగ్ కాలేజీ దరఖాస్తు ఎప్పుడు నింపుతావు, ఇంతలో వార్డెన్ గారు చెయ్యి చాపుతారు. అందుకే నీకు ఉత్తరం.

నువ్వు రాసిన కార్డు మొన్న అందింది. హాసిని చూసి, "మీ మామయ్య రాశాడా, కోడి గెలికిందా?" అంది. హాసిని అంటే నా బంతులు పట్టుకునే అమ్మాయి, మా జట్టు క్యాచర్. నేను నిన్ను వెనకేసుకురాలేదు. నీ అక్షరాలు అలాగే ఉన్నాయి మరి.

నేనిక్కడ ఏం చేస్తున్నానో నీకు సరిగ్గా తెలియదు కదా, చెప్తాను విను. ఆట పేరు బేస్‌బాల్. నేను పిచర్‌ని, అంటే బంతి విసిరేదాన్ని. చిన్న మట్టిదిబ్బ మీద నిలబడతాను. అరవై అడుగుల ఆరంగుళాల దూరంలో హాసిని గొంతుక్కూర్చుని ఉంటుంది. ఆమెకు ముందు, కాస్త పక్కగా, బ్యాటు పట్టుకుని అవతలి జట్టు అమ్మాయి. నా బంతి ఆ అమ్మాయికి దొరక్కుండా హాసిని చేతిలో పడాలి. పనంతా ఇదే.

మొదటి వారం నా పరువు పోయింది. నేను విసిరిన ప్రతి బంతినీ బ్యాటు తగిలించి కొట్టారు. మార్టిన్ సార్, మా కోచ్, రెండు రోజులు చూసి దగ్గరికొచ్చి, "ఎవరి పక్షమమ్మా నువ్వు? పట్టుకునేవాళ్ల అరచెయ్యి నొప్పెట్టకుండా విసురుతున్నావేంటి?" అన్నారు. తోటలో గోనెలోకి మామిడికాయ విసిరినట్టే విసిరాను మామయ్యా. ఇంకో ఘోరం, వదిలే ముందు ప్రతిసారీ "హోయ్" అని కేక వేశాను. బ్యాటర్‌కి నేనే చెప్పి మరీ వేస్తున్నానని అందరూ పడీపడీ నవ్వారు. ఆ కేక మానడానికి నాకు పది రోజులు పట్టింది.

ఇప్పుడు ఫాస్ట్ బాల్ కుదిరింది. చూపుడు వేలూ మధ్యవేలూ ఎర్రదారం కుట్టుకు అడ్డంగా పెట్టాలి, బొటనవేలు కింద. అరచేతికి తగలనివ్వకూడదు. వదిలేటప్పుడు వేళ్ల చివర్లు బంతిని వెనకనుంచి కిందికి గీరితే, అది వెనక్కి తిరుగుతూ తిన్నగా వెళ్తుంది. అవే వేళ్లు కుట్టు వెంబడి పెట్టి వేస్తే టూ సీమ్ అంటారు. చివర్లో నా కుడిపక్కకు కాస్త జరిగి దిగుతుంది.

సెప్టెంబరు ఏడున రాష్ట్ర జట్టు ఎంపిక. నాన్న మాట గుర్తుందిగా? జట్టులో పేరుంటే ఆట, లేకపోతే నర్సింగ్. నువ్వు పూచీ పడబట్టి ఈ మాత్రం గడువైనా ఇచ్చాడు. నీ మాట పోనివ్వను.

అత్తకు ముద్దులతో,
షాలోమి

*

నూజివీడు,
19 జూన్ 2025.

చిరంజీవి షాలోమిని సువర్ణరాజు మామయ్య ప్రభువు పేరిట దీవించి రాసేది.

ఇక్కడ అంతా క్షేమం. బసవపున్నారావు గారి తోటలో కోత అయిపోయింది. చివరి తోతాపురి లారీ సోమవారం వెళ్లింది. రసాలు ఈసారి గాలికి సగం రాలాయి. ఆయన రోజూ పొద్దున్నే వచ్చి ఖాళీ చెట్లను చూసి వెళ్తున్నారు. చూస్తే మళ్లీ కాస్తాయేమో.

నీ ఉత్తరాన్ని మీ అత్త బుధవారం ఇంటి ప్రార్థన కూటంలో చదివి వినిపించింది. నేను వద్దనే అన్నాను. బంతి తగలకుండా కాపాడమని ఆ బ్యాటు పట్టుకున్న పిల్ల కోసం అందరూ ప్రార్థన చేశారు. ఆ పిల్ల అవతలి జట్టు అని ఎంత చెప్పినా వినలేదు. మీ హాసిని అరచేతుల కోసం కూడా చేశారు.

నాదొక సందేహం. ఆ పిల్ల మధ్యలో ఎందుకు నిలబడాలి? పక్కకు తప్పుకున్నాక విసరచ్చు కదా? ఈ ముక్క రాయమన్నది మీ అత్త.

కేక మాన్పించారని రాశావు. మార్టిన్ గారికి నా నమస్కారాలు చెప్పు గానీ, ఆ సంగతి నాకు నచ్చలేదు. పై కొమ్మల కాయకు చిక్కం గెడ అందదని నీకు తెలుసు. మనిషి ఎక్కాలి, ముచ్చికతో తెంపాలి, కింద ఇద్దరు గోనె పరిచి పట్టుకోవాలి, దాంట్లోకి వదలాలి. కేక లేకుండా వదిలితే కింద వాళ్లు పైకి చూడరు. కాయ నెత్తిన పడుతుంది, లేదా నేల మీద పగులుతుంది. నా ముఠాలో కేక వేయనివాణ్ణి చెట్టెక్కనివ్వను. ఆటలో పద్ధతి వేరు కావచ్చు. ఒప్పుకుంటాను.

ఆ బంతి ఒకటి పంపగలవా? పాతదైనా చాలు. నువ్వు రాసినట్టు వేళ్లు పెట్టి చూద్దామని ఉంది. నా వంకర చేతికి విసరడం రాదులే, పట్టుకుని చూస్తాను.

నా అక్షరాల సంగతి హాసినికి చెప్పు, కోడికి వయసైపోయింది.

మామయ్య

*

గుంటూరు,
29 జూన్ 2025, ఆదివారం.

మామయ్యా,

బంతి పార్సిల్ చేశాను. ఒకచోట కుట్టు లేచింది, సార్ పారేయమన్నారు, నేను దాచాను. దీంతో పాటు ఒక కాగితం మీద చేతుల బొమ్మలు వేశాను. బొమ్మల్లో వేళ్లు బెండకాయల్లా ఉన్నాయి, సర్దుకో.

బ్యాటు పట్టుకున్న పిల్ల పక్కకు తప్పుకుంటే ఆట ఉండదని అత్తకు చెప్పు.

ఇక కొత్త బంతులు. మొదటిది చేంజప్. బంతిని అరచేతిలోకి లోతుగా దింపాలి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి పక్కన సున్నా చుట్టాలి, మిగతా మూడు వేళ్లతో పట్టుకోవాలి. చెయ్యి ఫాస్ట్ బాల్ అంత వేగంగానే తిరుగుతుంది, బంతి మాత్రం నింపాదిగా వస్తుంది. బ్యాటర్ ముందే ఊపేసి, తర్వాత వచ్చే బంతిని చూస్తూ ఉంటుంది. ఇది వేసినప్పుడు నాకు నవ్వు ఆగదు.

స్లైడర్‌కి వేళ్లు నడిమధ్యన కాకుండా బయటి పక్కకు జరపాలి. ఫాస్ట్ బాల్ లాగే వస్తూ చివర్లో పక్కకు జారుతుంది. ఇది నాకింకా రాదు.

కర్వ్ బాల్ అన్నిటికంటే పెద్దది. మధ్యవేలు కుట్టు అంచున గట్టిగా, బొటనవేలు ఎదుటి కుట్టు మీద. చెయ్యి ముందుకు వచ్చేసరికి అరచెయ్యి మన ముఖం వైపు తిరిగి ఉండాలి. అప్పుడు కొట్టు షట్టర్ కిందికి లాగినట్టు వేళ్లతో బంతి ముందుభాగాన్ని లాగాలి. భుజం ఎత్తున వచ్చిన బంతి దభీమని మోకాళ్ల దగ్గరికి పడుతుంది. ఇది పట్టుకుంటే ఎంపిక ఖాయమన్నారు సార్. ఆయన రోజుకు ఇన్నే వేయాలని లెక్క పెట్టారు. నేను సాయంత్రం భోజనానికి ముందు గోడకేసి ఇంకో నలభై వేస్తున్నాను. ఇది సార్‌కి తెలియదు.

షాలోమి

*

నూజివీడు,
12 జూలై 2025.

చిరంజీవి షాలోమికి,

బంతి అందింది. పోస్ట్‌మాన్ పరదేశి పార్సిల్ నొక్కి నొక్కి చూసి, "చిన్న బత్తాయా ఏంటండీ, గుంటూరు నుంచి?" అన్నాడు. వాడికి విప్పి చూపించాను. ఒకసారి ఎగరేసి పట్టుకుని, చాలా బరువుందని చెప్పి, మిగతా వీధికి ఉత్తరాలు ఇవ్వడం మర్చిపోయి ఇక్కడే అరగంట కూర్చున్నాడు.

ప్రస్తుతం తోటలో దుక్కులు. ఎండు కొమ్మలు కోయిస్తున్నాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి వసారాలో కూర్చుని నీ బొమ్మల ప్రకారం వేళ్లు పెడుతున్నాను. నాకు చేంజప్ నచ్చింది. పద్ధతైన బంతి. పట్టుకునేవాళ్ల చేతికి హాయిగా ఉంటుంది. అందరూ అదే వేస్తే సరిపోతుంది కదా?

నేనూ ఒకటి చెప్తాను. పైనుంచి కాయ వదిలేటప్పుడు దాన్ని అసలు తిరగనివ్వకూడదు. తిరిగితే ముచ్చిక విరిగి సొన చిమ్ముతుంది, తొక్క మచ్చపడుతుంది. అందుకే అరచేత్తో కాదు, వేళ్ల కొసలతో పట్టి, అన్ని వేళ్లూ ఒక్కసారే తీసేయాలి. చిన్నప్పుడు నీకూ ఇలాగే నేర్పాను. ఇటువంటి బంతి మీ ఆటలో ఉందా?

కర్వ్ బాల్ కూడా పట్టుకుని చూశాను. మణికట్టు అలా తిప్పి లాగబోతే నా మోచేయి లోపలిపక్క పాత చోటే కలుక్కుమంది. మీ సార్ చెప్పిన లెక్క దాటకు. ఆ గోడకు నీ బంతులు లేకపోయినా ఏమీ కాదు.

మామయ్య

*

గుంటూరు,
27 జూలై 2025.

మామయ్యా,

నువ్వు చెప్పిన బంతి ఉంది. దాన్ని నకిల్ బాల్ అంటారట. గోళ్లు ఆనించి, తిరగకుండా తోస్తారు. గాలిలో అటూఇటూ ఊగుతూ వెళ్తుంది, ఎటు పోతుందో విసిరినవాళ్లకీ తెలియదు. నేను తోటలోలా ఒకటి వేశాను. బ్యాటర్‌కి దొరకలేదు. హాసినికీ దొరకలేదు. ఆమె గడ్డానికి తగిలింది. ప్రార్థన కూటంలో ఈసారి గడ్డం కోసం చేయమను.

సార్ అది నవ్వులాటకే అన్నారు. కర్వ్ మీదే దృష్టి పెట్టమన్నారు. బాగా పడుతోంది. రోజుకు తొంభై దాకా వేస్తున్నాను, గోడ దగ్గరవి కలిపి.

ఉత్తరం చిన్నదని అనుకోకు. పెన్ను బాగాలేదు, గీతలన్నీ కిందికి పోతున్నాయి. ఇవాళ అన్నం దగ్గర గ్లాసు చేతిలోంచి జారి హాసిని మీద నీళ్లన్నీ పడ్డాయి. రోజూ ఆమెకేదో ఒకటి.

షాలోమి

*

నూజివీడు,
4 ఆగస్టు 2025.

షాలోమికి,

ఇక్కడ వానలు పడుతున్నాయి. నీ ఉత్తరం చూశాను. ఆ కర్వ్ బాల్ మానెయ్. గోడ దగ్గర విసరడం ఈ రోజునుంచే మానెయ్. ఎంపిక సంగతి తర్వాత.

మీ నాన్న నిన్న వచ్చి వెళ్లాడు. నర్సింగ్ సీట్లు ఇంకా ఉన్నాయంటున్నాడు.

మామయ్య

*

గుంటూరు,
13 ఆగస్టు 2025.

మామయ్య గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం హాసిని చేత రాయిస్తున్నాను. నాకు ప్రాక్టీస్ ఉంది, తీరిక లేదు.

నాన్న వచ్చి వెళ్లాడు, మర్నాడే నువ్వు మానేయమన్నావు. అంతా అర్థమైంది. నా తరఫున మాట్లాడేవాడివి నువ్వొక్కడివే అనుకున్నాను. చేంజప్ వేసుకో, పట్టుకునేవాళ్లకు హాయిగా ఉంటుంది అని నువ్వు రాసినప్పుడే నాకు తెలియాల్సింది, నీకు ఆట అర్థం కాదని. చెట్టు మీదినుంచి నువ్వు పడితే అందరం చెట్లెక్కడం మానేయాలా?

ఇంకా ఇరవై అయిదు రోజులుంది. నేను విసురుతాను. ఎంపికయ్యాక రాస్తాను.

షాలోమి

(అంకుల్, నేను హాసినిని. ఆమె చెప్పినట్టే రాశాను. కోడి మాట అన్నందుకు క్షమించండి. గడ్డం తగ్గింది.)

*

నూజివీడు,
20 ఆగస్టు 2025.

షాలోమి తల్లికి,

నీ కోపం అందింది. పిల్లలు కోప్పడితే రెండు రోజులు ఆగి రాయాలని మీ అత్త అంటుంది. మూడు రోజులు ఆగాను.

మీ నాన్న వచ్చిన మాట నిజం. నర్సింగ్ గురించి మాట్లాడిన మాటా నిజం. ఆ రెండు ముక్కలూ ఒకే కాగితం మీద రాయడం నా తెలివితక్కువ. మానేయమన్నది మీ నాన్న కాదు, నేను. ఎందుకో రాయలేదు. రాయడానికి సిగ్గేసింది.

నీ ఉత్తరాలన్నీ వరసగా బల్ల మీద పెట్టాను. జూన్‌లో అక్షరాలు గుండ్రంగా, నొక్కి ఉన్నాయి. జూలైలో తేలిపోయాయి, పంక్తి కిందికి జారింది. పెన్ను బాగాలేదన్నావు. గ్లాసు జారిందన్నావు. ఆగస్టులో అసలు నీ చేయే లేదు. ఆఖరి ఉత్తరం విప్పగానే మీ అత్త ఆ హాసిని దస్తూరీ చూసి కాగితం నా చేతిలో పెట్టింది. తర్వాత, "కొమ్మ జారుడుగా ఉందంట" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాటకు అర్థం నాకూ మీ అత్తకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నీకు చెప్తున్నాను.

నేను చెట్టు మీదినుంచి పడ్డానని, అందుకే చెయ్యి వంకరపోయిందని నీకు చెప్పాం. పడింది నిజమే. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మా ముఠాలో పై కొమ్మకు ఎక్కేది నేనొక్కణ్ణే. రోజంతా మణికట్టు తిప్పి తెంపడం, కొమ్మలకు తగలకుండా దూరంగా గోనెలోకి విసరడం. ఆ ఏడు కాపు విరగకాసింది. మోచేయి లోపలిపక్క నొప్పి మొదలైంది. తర్వాత చిటికెనవేలు తిమ్మిరెక్కింది. టీ గ్లాసు రెండుసార్లు జారింది. చెప్తే మేస్త్రి నన్ను దింపి ఇంకొకణ్ణి ఎక్కిస్తాడు. అప్పటిదాకా పై కొమ్మ నాది. చెప్పలేదు. కింద గోనె పట్టుకున్నవాళ్లలో మీ అత్త లేయా ఉంది, అప్పటికి మాకు పెళ్లి కాలేదు. మాటిమాటికీ చెయ్యి మారుస్తున్నావేంటని రోజూ అడిగేది. కొమ్మ జారుడుగా ఉందని చెప్పేవాణ్ణి. ఇరవై రోజులు అదే మాట చెప్పాను.

ఇరవై ఒకటో రోజున చెయ్యి కొమ్మను పట్టింది గానీ నిలపలేదు. పడేటప్పుడు గట్టిగానే అరిచానట. ఆ అరుపు ఎందుకు పనికొస్తుంది? వదిలే ముందు కేక వేయాలి. నేను ఇరవై రోజుల ముందు వేయాల్సింది.

ఇంకొకటి. బడిలో నా పలక పక్క తరగతులకు తీసుకెళ్లి చూపించేవారు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని. నమ్మకపోతే మీ అమ్మను అడుగు. కుడిచేత్తో అన్నం కలుపుకోగలను. నాలుగు వాక్యాలు రాస్తే మాత్రం వేళ్లు నావి కాకుండా పోతాయి. అందుకని ఇరవై ఏడో ఏట ఎడమచేత్తో అఆలు దిద్దుకున్నాను. నువ్వు చూస్తున్నవి ఆ అక్షరాలే. హాసిని అన్నది తప్పు కాదు, చెప్పు. నేను నవ్వుకున్నాను.

నీకు నొప్పి ఉందో లేదో నేను అడగడం లేదు. అడిగితే లేదంటావు. నేనూ అదే అన్నాను. మార్టిన్ గారికి నేను రాయను, మీ నాన్నకూ చెప్పను. చెప్పాల్సింది నువ్వు. ఎంపిక పోతే పోతుంది. అది పోతే నాకూ బాధే, పూచీ పడింది నేను కదా. కానీ నా చెయ్యి చూసి కూడా నీ చెయ్యి కాపాడలేకపోతే ఆ బాధ నేను మొయ్యలేను.

ప్రభువు నీకు తోడుండాలి.

మామయ్య

*

గుంటూరు,
7 సెప్టెంబరు 2025, ఆదివారం.

మామయ్యా,

ఈ ఉత్తరం ఎడమచేత్తో రాస్తున్నాను. నిన్న మొదలుపెట్టాను, ఇంకా రాస్తూనే ఉన్నాను. నీ అక్షరాలు నావాటికంటే చాలా బాగున్నాయి.

నీ ఉత్తరం ఇరవై అయిదున వచ్చింది. సాయంత్రం గోడ దగ్గరికి వెళ్లాను. బంతి పట్టుకుని నిలబడ్డాను. కర్వ్‌కి వేళ్లు పెట్టాను. అప్పటికి పన్నెండు రోజులుగా రాత్రిళ్లు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు మామయ్యా, జడ కూడా హాసినే వేస్తోంది. భయమేసింది. బంతి అక్కడే పెట్టి సార్ గదికి వెళ్లి చెప్పేశాను. గోడ సంగతి కూడా చెప్పాను. ఆయన కాసేపు కోప్పడ్డారు, తర్వాత తన మీద తను కోప్పడ్డారు. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

మోచేయి లోపలిపక్క ఎముకల్ని కట్టి ఉంచే నరం లాంటిది సాగి వాచిందట, తెగలేదు. ఇంకో నెల ఇలాగే విసిరితే తెగేదన్నారు. కర్వ్ ఒక్కదాని తప్పు కాదట, మితిమీరి విసరడం, నొప్పి మీద విసరడం. కాబట్టి కర్వ్ విషయంలో నువ్వు చెప్పింది సగమే సరైంది. రెండు నెలలు బంతి ముట్టుకోకూడదు. తర్వాత పది అడుగుల నుంచి మొదలు.

ఎంపిక ఇవాళ అయిపోయింది. జాబితాలో నా పేరు లేదు. హాసిని పేరు ఉంది. నేను స్కోరు పుస్తకం పట్టుకుని కూర్చున్నాను, అదీ ఎడమచేత్తోనే. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

నాన్న వచ్చాడు. నర్సింగ్ దరఖాస్తు తెచ్చాడు. ఎడమచేతి సంతకం చెల్లదేమో అన్నాను. నవ్వలేదు. నా మోచేయి పట్టుకుని చాలాసేపు చూశాడు. నీ ఉత్తరం అడిగితే ఇచ్చాను. చదివి, "కొమ్మ జారుడుగా ఉందని మాతో కూడా అదే చెప్పాడు వీడు" అన్నాడు. దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏం చేస్తాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. వెళ్లేటప్పుడు మాత్రం చెయ్యి బాగయ్యాక ఎన్ని అడుగుల నుంచి విసరాలని డాక్టరు చెప్పాడో మళ్లీ ఒకసారి అడిగాడు.

నీకు ఆట అర్థం కాదని రాయించాను. ఆ మాట రాయించినందుకు నాకు సిగ్గుగా ఉంది. హాసిని ఆ వాక్యం రాసే ముందు రెండుసార్లు అడిగింది, రాయమంటావా అని.

నా చెయ్యి నాకే ఉంది మామయ్యా. నేను కేక వేశాను. అందరూ పైకి చూశారు.

నీ
షాలోమి